మిరపగోతాల స్టూడియోలో రెండు మైకులు

కరెంటు పోతే ఊరంతా తిట్టుకునే ఆ రోజుల్లో, కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్న మనుషులు మా మాచర్లలో ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకడు మా బావ, రెండోవాణ్ణి నేను. మేము పాటలు రికార్డు చేసే స్టూడియో పెట్టిన గదికి మూడు పక్కలా నాపరాళ్ళు కోసే యూనిట్లే. రంపం రాతి మీద పడిందంటే ఎంతటి గాయకుడి గొంతయినా పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచినవాడి గొంతులా వినిపించేది. కరెంటు పోగానే రంపాలు ఆగేవి, మేము ఇన్వర్టర్ వేసుకుని కళాసేవ మొదలుపెట్టేవాళ్ళం. గోడలకు అంటించే స్పాంజి మా తాహతుకు మించింది గనక, మిర్చి యార్డులో పాతబడిన గోతాలు తెచ్చి నాలుగు గోడలకూ వేలాడదీశాం. చప్పుడు బాగానే ఆగింది. కానీ పల్లవి అయ్యేసరికి ప్రతివాడూ తుమ్మేవాడు. (తుమ్మకుండా రెండు చరణాలు పాడినవాణ్ణి మేము విద్వాంసుడి కింద లెక్కేసేవాళ్ళం.)

బావ డిగ్రీ చదివాడు, ఇంగ్లీషు వీడియోలు చూసి అర్థం చేసుకోగలడు. నేను తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టాను, బడి కూడా నాకు సంతోషంగా తిరిగి దండం పెట్టింది. అందుకని స్టూడియోలో జ్ఞానం శాఖ బావది, నోటి శాఖ నాది. ఒకసారి గుంటూరులో తెలిసిన షాపాయన రెండు కండెన్సర్ మైకులు మా చేతిలో పెట్టి, "రెండూ వాడి చూడండి, నచ్చింది ఉంచుకుని రెండోది రేపు బస్సుకి పంపండి" అన్నాడు. స్టేజీ మైకులా నోటి దగ్గర ఐస్‌క్రీం పట్టుకున్నట్టు పట్టుకునే రకం కాదవి. స్టాండు మీద నిలబడి, చీమ నిట్టూర్చినా పట్టేసే రకం. ఒకటి నల్లగా లావుగా, ఇంకోటి వెండిరంగులో సన్నగా ఉన్నాయి.

"నల్లదాంట్లో గొంతు వెచ్చగా ఉంటదిరా. తెల్లదాంట్లో మెరుపుంటది," అన్నాడు బావ, వీడియోలన్నీ మింగినవాడిలా.

"అయితే నల్లది చలికాలానికుంచుదాం బావా, తెల్లది దీపావళికి."

"నీకు చెప్పేకంటే ఆ రంపానికి చెప్పటం నయం," అని నిట్టూర్చాడు.

ఏది మంచిదో తేల్చడానికి ఒక అసలైన గొంతు కావాలి. ఆ గొంతు బావ వాళ్ళమ్మది, అంటే మా అత్తది. మా వీధిలో ఏ ఆడపిల్ల పెళ్ళయినా అప్పగింతల పాట అత్తే పాడాలి. ఆ పాట విని ఏడవని పెళ్ళికూతురు లేదు. ఇప్పుడు సొంత కూతురి పెళ్ళి వారంలోకి వచ్చింది. (మరదల్ని నేనెందుకు చేసుకోలేదని అడక్కండి, ఆమెకు నా చదువు సంగతి తెలుసు.) "నువ్వు పాడందే నేను కారెక్కను" అని మరదలు మొండికేసింది. "ఊళ్ళో పిల్లలకైతే పాడాను గానీ, ఆ రోజు నాకు గొంతెక్కడ పెగులుద్దే?" అని అత్త చీరకొంగు అందుకుంది. అందుకని ముందే రికార్డు చేసి ఆ రోజు స్పీకర్లో వేద్దామన్నాం. అత్త ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "ఒక్కసారే పాడతా. మళ్ళీ పాడమన్నారో, ఇద్దర్నీ ఆ గోతాల్లో కట్టి యార్డుకి పంపుతా."

ఒక్కసారే గనక, రెండు మైకులూ పక్కపక్కనే పెట్టి ఒకేసారి రికార్డు చేయాలనుకున్నాం. నల్ల మైకు మీద కంపెనీ పేరు తళతళలాడుతోంది. మా వైపు గుడికి ఫ్యానిచ్చినా రెక్క మీద దాత పేరుంటుంది, ఆ పేరు జనానికి కనబడాల్సిందే. ఆ సంప్రదాయం ప్రకారం మేము పేరున్న వైపును, ఎదురు బల్ల మీద కూర్చుని వినేవాళ్ళకు కనబడేలా తిప్పాం. వెండి మైకు మీద ఏముందో కంటికి ఆనలేదు, దాన్ని ఎలా వస్తే అలా బిగించాం. మధ్యాహ్నం భోజనాలవేళ కరెంటు పోయింది. వెంటనే అత్తను కూర్చోబెట్టాం. యూనిట్లో రాళ్ళు కోసే మా మామకు కూడా కరెంటు పోతే సెలవే, ఆయనా వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమే, నువ్వు పాడితే మన గేదె పాలు చేపటం మానుద్ది. ఈళ్ళ మైకులేమవుతాయో ఏందో!"

"నువ్వు అరిస్తే యూనిట్లో రాయి దానంతటదే పగులుద్ది, నేనేమన్నా అన్నానా?" అంది అత్త.

రంపాల పక్కన బతికిన మనిషికి ఒక స్థాయికి దిగువన మాట్లాడటం రాదని మా అందరి నమ్మకం. ఆయన నోట అత్త పాట గురించి ఒక్క మంచిమాట ఎవరూ విని ఎరగరు.

మేమిద్దరం గోతాల తెర వెనక చేరాం. బావ చెవులకు హెడ్‌ఫోన్, వెండి మైకు ఒక్కటే తెరిచి వింటున్నాడు. అత్త అందుకుంది. గాజుల గలగలతో సహా పాట సాగుతుంటే బావ కళ్ళు మూసుకున్నాడు. చివరి చరణం, తండ్రి మీద వచ్చేది, దాని ముందు అత్త ఆగింది. ముక్కు చీదింది. కొంగులో మొహం పెట్టుకుని కాసేపుండి, "అయిపోయింది" అని లేచింది. "అమ్మా, ఇంకో చరణం..." అని బావ తెర తీసేలోపు కరెంటొచ్చింది, మూడు పక్కలా రంపాలు లేచాయి. మామ కళ్ళు తుడుచుకుంటూ, "పాడు గోతాలు, చానా ఘాటురా" అని పనికి పరుగెత్తాడు.

చరణం పోయింది. అత్తను మళ్ళీ అడిగే ధైర్యం మాకిద్దరికీ లేదు. దిగులుగా కూర్చుని రెండు రికార్డులూ విన్నాం. వెండిదాంట్లో అత్త మా ఒళ్ళో కూర్చుని పాడినట్టుంది. నల్లదాంట్లో సాగర్ డ్యాం అవతలి నుంచి పాడుతున్నట్టుంది. "డిఫెక్టు పీసురా ఇది," అని బావ ఆపబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అత్త గొంతు కంటే దగ్గరగా ఇంకో గొంతుంది. ఎవరో పాటలో ప్రతి మాటా లోలోపల కలిపి పాడుతున్నారు. అత్త ఆగిన చోట ఆ గొంతు "పాడవే... అది గూడా పాడు" అని గొణిగింది. తర్వాత, రాయి మీద నీళ్ళు జారినట్టు, తానే అందుకుంది: "తండ్రి చెయ్యి గరుకమ్మా, తలపు మెత్తనమ్మా..."

మామ! నేను లేచి నల్ల మైకు దగ్గరికెళ్ళి, పేరున్న వైపు నోరుపెట్టి "హలో" అన్నాను. బావ హెడ్‌ఫోన్ పీకేసి ఎగిరాడు. పేరున్న వైపే దాని మొహం, వీపు వైపు మాటలు దానికి సరిగా వినబడవు! మేము దాన్ని అత్తకు వీపుపెట్టి, మామ ఎదురుగా కూర్చోబెట్టాం.

అత్తను పిలిచి వినిపించాం. రెండోసారి వేయమంది, మూడోసారి కూడా. తర్వాత, "ఆ నల్లదాన్ని పంపబాకండి. మీ మామ నోట్లోంచి మంచిమాట లాగిన మైకు అది" అని వెళ్ళిపోయింది. అలా చక్కగా పాడిన మైకు గుంటూరు బస్సెక్కింది, తిరగబడి నిలబడిన మైకు మాకు దక్కింది. ఆ రెంటిలో ఏది మంచిదో నాకు ఇవాళ్టికీ తెలియదు, బావకూ తెలియదు. (తను మాత్రం తెలుసంటాడు.)

పెళ్ళిలో అప్పగింతలప్పుడు అత్త పాట వేశాం, చివర్లో మామ చరణం అతికించాం. కారు తలుపు పట్టుకుని నిలబడ్డ మామ ముందు ఉలిక్కిపడి, "ఒరేయ్, ఎవుడ్రా నా గొంతుతో పాడేది?" అన్నాడు. మరదలు వచ్చి ఆయన గరుకు చెయ్యి పట్టుకుంది. మామ తల పక్కకు తిప్పుకుని, "ఈ స్పీకర్లు ఆ గోతాల్లో చుట్టి తెచ్చారేందిరా, ఘాటు!" అన్నాడు. అత్త తన కొంగు ఆయన చేతికిచ్చింది.

ఇప్పుడు మా స్టూడియో రంపాలకు దూరంగా ఉంది, గోడలకు స్పాంజి ఉంది, కరెంటు పోతే అందరిలాగే మేమూ తిట్టుకుంటున్నాం. ఒక్క మిరపగోతం మాత్రం నా కుర్చీ వెనక ఉంచుకున్నాను. ఎవరైనా "అదెందుకన్నా?" అని అడిగితే, శబ్దం కోసమని గంభీరంగా చెబుతాను. దాని ఘాటు పోయి చాలా కాలమైంది. కానీ ఎప్పుడైనా ఆ పాట పెట్టుకుని వింటున్నప్పుడు ఎవరైనా తలుపు తీశారనుకోండి, చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి గదా.