గ్రహణం చూడ్డానికి ఒక మిద్దె

గ్రహణం పట్టేది ఆకాశంలో. దాన్ని చూడ్డానికి భూమ్మీద కాసింత చోటు వెతుక్కోవడానికి నాకు నెల రోజులు పట్టింది. ఇప్పుడు తలచుకున్నా కాళ్ళు లాగుతాయి.

ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి నెల. తిరువళ్ళూరులో మేం నలుగురం ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా అత్త, ఏడేళ్ళ కూతురు. మా ఆయన నాకు మేనత్త కొడుకే కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. తెల్లారకముందే రైలెక్కి మద్రాసు వైపు ఫ్యాక్టరీకి పోయి, చీకటిపడ్డాక వచ్చి, తిని పడుకునే మనిషి. ఇంటి పెత్తనం అత్తది, చాకిరీ నాది.

కూతురు గ్రహణమొర్రితో పుట్టింది. పై పెదవి ముక్కుదాకా చీలి ఉండేది. పాలు చీకలేకపోయేది, ఉగ్గుగిన్నెతో పోస్తే ముక్కులోంచి వచ్చేవి. మద్రాసు పెద్దాసుపత్రిలో రెండుసార్లు కుట్టారు. పెదవి కలిసింది గానీ గీత మిగిలింది, మాట ముక్కుతో వచ్చేది. బడికి పోవడం మొదలుపెట్టాక, నవ్వొచ్చినా మాటొచ్చినా కుడిచెయ్యి మూతికి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. ఎవరూ నేర్పలేదు.

అది ఎందుకు వస్తుందో మా వైపు ఎవరినీ అడగనక్కర్లేదు. కడుపుతో ఉన్నది గ్రహణంలో బయటికొచ్చింది, అంతే. నాకు ఐదో నెలప్పుడు ఒక చంద్రగ్రహణం పట్టింది. అత్త నన్ను గదిలో చాప మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, గడపకు అడ్డంగా తానే పడుకుంది. బిడ్డ పుట్టాక పురిటిమంచం దగ్గరే అడిగింది, "ఆ పొద్దు బయటికి పోయినావా?" అని. లేదన్నాను. ఆ ఏడేళ్ళలో అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతూనే ఉంది, నేను లేదని చెబుతూనే ఉన్నాను. చివరికి కోపం కూడా రావడం మానేసింది. విసుగే మిగిలింది.

అయితే జనవరిలో ఒక సాయంత్రం కూతురే అడిగింది. బడిలో పిల్లలు చెప్పారట.

"అమ్మా, నువ్వు గ్రహణంలో బయటికి పోయినావా? అందుకేనా నాకిట్లా?"

అల్లిన దాని జడను విప్పి మళ్ళీ అల్లాను. వచ్చే నెల సూర్యగ్రహణమని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని చూడాలని అప్పుడే అనుకున్నాను. చూశాక కూడా ఇద్దరికీ ఏమీ కాకపోతే, ఆ మాట దాని నెత్తి మీంచి దిగిపోతుందని నా ఆశ. నా నెత్తి మీంచి కూడా దిగాలని ఉండింది. అది మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట గెలవడం నా వల్ల కాదని తెలిసే రచ్చ వెతుక్కున్నాను. గ్రహణమొస్తే మా అత్త కిటికీలకు గోనెసంచులు కట్టేది. నీళ్ళ బిందె మొదలుకొని ఊరగాయ జాడీ దాకా అన్నిట్లో దర్భలు వేసేది. ఆ ఇంట్లో ఉండి ఆకాశం చూడటం జరిగే పని కాదు. పళ్ళిపట్టులో మా అక్క ఇంటికి విశాలమైన వాకిలి ఉంది, కానీ అక్క కోడలికి అప్పుడు ఏడో నెల. ఆ ఇంటికి పోయి గ్రహణం చూస్తానని ఏ మొహంతో అడగను? ఊళ్ళోనే బస్టాండు దగ్గర ఒక లాడ్జి ఉండేది. గ్రహణం శనివారం, బావకు ఆ రోజు సెలవు లేదు కాబట్టి గది అడగడానికి నేనూ పిల్లే వెళ్ళాం. అక్కడి గుమాస్తా మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, మగవాళ్ళు ఎవరూ రాలేదా అని అరవంలో అడిగాడు. నడిచి ఇంటికొచ్చేశాను.

బావకు చెప్పాను. వద్దనలేదు. ఆయనకు వద్దనే ఓపిక కూడా ఉండేది కాదు.

"మరి యాడ ఉంటారు?" అన్నాడు.

"అదే చూస్తా ఉండా."

రెండు రోజుల తర్వాత టిఫిన్ క్యారియర్ సంచీలోంచి కాగితంలో చుట్టిన నల్లటి అద్దం ముక్క తీసి ఇచ్చాడు. "వెల్డరు దగ్గిర అడిగి తెచ్చినా. ఉత్త కళ్ళతో చూడద్దండి. అమ్మ అడిగితే మాత్రం నాకేం తెలీదు," అన్నాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నాకోసం ఒకరిని అడిగి తెచ్చిన వస్తువు అదొక్కటే.

అప్పుడు తట్టింది, తిరుత్తణిలో మనవాళ్ళ సత్రం. ఆడికృత్తిక పండక్కి కొండకు కావళ్ళు మోసేటప్పుడు మా వాళ్ళంతా అక్కడే దిగేవాళ్ళు. మా వాళ్ళకు ఒక గుణం ఉంది. ఏ ఊరికి పోయినా, ఏ పని మీద పోయినా, ముందు మనవాళ్ళ సత్రం ఉందా అని చూస్తారు. ఉంటే ఇంక వేరే ఆలోచన ఉండదు. నేనూ ఆ రక్తమే కదా. ముందు వారమే బస్సెక్కి పోయి చూసొచ్చాను. గదికి లోపలి గడియ ఉంది, బావిలో నీళ్ళున్నాయి, వడ్డించేది ఆడవాళ్ళే. మిద్దె మీదికి పోయి, మూడున్నర దాకా ఎండలో నిలబడి, సూర్యుడు ఎక్కడికి వస్తాడో చూసుకున్నాను. కొండ అడ్డం రాలేదు, కొబ్బరిచెట్లు అడ్డం రాలేదు. పిల్లకు సంబంధం చూడబోయినవాళ్ళు కూడా అంత చూడరు.

అత్తకు మొక్కు ఉందని చెప్పాను. శుక్రవారం దర్శనం, శనివారం గ్రహణం కాబట్టి అక్కడే ఉండిపోయి, ఆదివారం తిరిగి రావడం. "సత్రంలోనే గదా ఉంటారు?" అని అడిగి, అవునంటే సరేనంది. ఆమె అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

శనివారం పొద్దున తొమ్మిదికే భోజనాలు పెట్టేశారు. పొయ్యిలు ఆర్పారు. కొండ మీద గుడి మూశారని ఎవరో చెప్పారు. పన్నెండు దాటాక సత్రం మేనేజరు తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు. నుదుటి నిండా నామం పెట్టుకున్న పెద్దాయన. ముందు వీధి తలుపు, తర్వాత దొడ్డి తలుపు, ఆ తర్వాత మిద్దె మెట్ల తలుపు వరసగా తాళం వేశాడు. నేను పరిగెత్తుకుంటూ పోయాను.

"అయ్యా, మిద్దె ఎందుకు మూస్తా ఉండారు?"

"గ్రహణం గదమ్మా. విడుపు స్నానం అయ్యేదాకా ఎవురూ బయటికి పోకూడదు, కండిప్పా పోకూడదు. పిల్లకాయలుండారు, నీళ్ళోసుకున్న ఆడోళ్ళుండారు. మనోళ్ళ సత్రంలో ఏమన్నా అయితే మాటొచ్చేది నాకు," అన్నాడు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. గది చూశాను, బావి చూశాను, సూర్యుడి దారి చూశాను. మనవాళ్ళ సత్రంలో ఉండేది మనవాళ్ళేనన్న మాట ఒక్కటీ మరిచిపోయాను. లాడ్జి గుమాస్తా కాళ్ళు పట్టుకున్నా బాగుండేది. ఆ మెట్ల తలుపు దగ్గర కూర్చుంటే ఏడుపు కూడా రాలేదు. వెల్డింగ్ అద్దం ఒళ్ళో ఉంది. దాంట్లోంచి చూస్తే తాళం కూడా కనిపించలేదు.

అందరూ హాల్లో కూర్చుని నామం జపిస్తున్నారు. మూడు దాటాక కూతురు దాహమని గొణగడం మొదలుపెట్టింది. గ్రహణంలో నీళ్ళు తాగకూడదని ఒకావిడ కళ్ళెర్రజేసింది. పిల్లను లేవదీసుకుని వెనక వంటసావిడికి పోయాను. పొయ్యిలు ఆరిపోయి, పొగ లేకుండా, మనిషి లేకుండా ఉంది. పైన తుప్పుపట్టిన రేకులు, వాటి నిండా మేకు చిల్లులు.

పిల్ల చెంబు అందుకోబోయి ఆగిపోయింది. "అమ్మా, నేల చూడు."

చిల్లుల్లోంచి పడే వెలుతురు ఎప్పుడూ గుండ్రంగా, రూపాయి బిళ్ళల్లాగా ఉంటుంది. ఆ రోజు ప్రతి ఒక్కటీ కత్తిరించి పారేసిన గోరులా ఉంది. నేల మీద, గోడ మీద, పొయ్యి గట్టు మీద, బియ్యం డబ్బా మీద అన్నీ నెలవంకలే, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కాసేపటికి అర్థమైంది. ఒక్కో చిల్లూ ఒక్కో సూర్యుణ్ణి కిందికి దించుతోంది, గ్రహణంతో సహా.

పిల్ల వాటి మధ్యకు పోయి నిలబడింది. ఒక వంక దాని గడ్డం మీద పడి, పెదవి మీదికి పాకింది. సరిగ్గా ఆ కుట్టు గీత మీదికి. నేను అరిచి దాన్ని పక్కకు లాగేశాను.

అంత గట్టిగా లాగానని దాని మొహం చూశాకే తెలిసింది. ఏ భయాన్ని దాని నెత్తి మీంచి దించడానికి ఇంత దూరం వచ్చానో, ఆ భయమే నా చేతిలో ఉండి దాని జబ్బ పట్టుకుని ఉంది. సిగ్గేసింది. చెయ్యి వదిలి నేల మీద కూలబడ్డాను.

"నువ్వు పోయినావు గదా, అమ్మా?" అంది మెల్లిగా.

ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"పోయినా. ఐదో నెల కడుపు. ఎంతసేపని ఆపుకునేది? మీ అవ్వ గడపకాడ పడుకోనుంది. కునుకు పట్టిందని చూసి, ఆమెను దాటుకొని దొడ్లోకి పోయినా. తలకాయ కూడా ఎత్తలేదు."

"ఉచ్చకా?"

"ఉచ్చకే."

"అవ్వను దాటుకొనా?"

అంతే, అది పకపకా నవ్వడం మొదలుపెట్టింది. అప్పటికే రెండు చేతులూ దోసిలిగా చాచి వంకల కింద పెట్టి ఉంది. దోసిట్లో రెండో మూడో సూర్యుళ్ళు పడి ఉన్నాయి. అవి పోతాయని చేతులు కదిలించలేదు, మూతికి అడ్డం పెట్టుకోలేదు. నోరంతా తెరిచి నవ్వింది. నేను ఆ నోటినే చూస్తూ కూర్చున్నాను. బయట సాయంత్రం కాకుండానే కాకులు గూళ్ళకు చేరుతున్న గోల వినిపించింది. తర్వాత వంకలు మెల్లగా లావెక్కి మళ్ళీ బిళ్ళలయ్యాయి. చెంబెడు నీళ్ళు ఇద్దరం తాగాం.

ఆదివారం ఇల్లు చేరేసరికి అత్త మమ్మల్ని దొడ్లోనే ఆపింది, తలకు పోసుకుని గానీ లోపలికి రావద్దని. పిల్లకు తానే నీళ్ళు పోస్తూ ఊరి సంగతులు అడిగింది. పిల్ల దాచుకోలేదు. వంటసావిడి, వెలుతురు, పెదవి, అన్నీ చెప్పి, "అమ్మ ఆ పొద్దు నిన్ను దాటుకొని పోయిందంట అవ్వా!" అని మళ్ళీ నవ్వింది.

అత్త చెంబు కింద పెట్టింది. పిల్ల పెదవిని బొటనవేలితో ఒకసారి తడిమి చూసింది.

"తెలుసు," అంది. "నేను నిద్రపోలేదు."

"మరి ఆపలేదేం అత్తా?"

"ఎట్లా ఆపేది? నేనూ బిడ్డల్ని కన్నదాన్నే గదా, ఆ అవస్థ నాకు తెలీదా. కండ్లు మూసుకున్నా." చెంబు మళ్ళీ అందుకుని పిల్ల భుజాల మీద నీళ్ళు పోసింది. "పిల్ల పుట్టినాక నా వల్లే గదా అనుకున్నా. నిన్ను అడిగినప్పుడంతా నువ్వు లేదంటావే, అప్పుడు కొంచెం ప్రాణం లేచొచ్చేది. అందుకే అడిగేదాన్ని."

ఏడేళ్ళు నన్ను తిన్న ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది, దాని వెంటే నిద్రా వచ్చింది. బావి గట్టు మీద కూర్చుండిపోయాను. అత్త పిల్ల ఒళ్ళు తుడిచి లోపలికి పంపి, అండాలో మిగిలిన వేణ్ణీళ్ళు నా నెత్తిన పోసింది.