ఒక ట్యూబు, ఒక పంపు

నా సైకిలు చక్రాలు ఇరవై తొమ్మిది అంగుళాలవి. సీటు కింద సంచిలో మాత్రం ఇరవయ్యారు అంగుళాల ట్యూబు ఉంటుంది. చూసినవాళ్ళు సైజు తెలియక కొన్నాడనుకుంటారు. తెలిసే కొన్నాను. కాకపోతే కొనవలసిన రోజున కొనలేదు.

వన్ టౌన్‌లో మాది బట్టల హోల్‌సేలు కొట్టు. వారమంతా హమాలీలతో, ఏజెంట్లతో, పల్లెల నుంచి వచ్చే చిన్న కొట్లవాళ్ళతో నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడుతూనే ఉంటాను. ఆదివారం షట్టరు తీయం. గుణదలలో మేడ మీద రెండు గదుల్లో ఒక్కణ్ణే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈ మధ్య తగ్గిపోయారు. ఆదివారం పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కడిగేశాక, మళ్ళీ సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు. షుగరు వచ్చిందని డాక్టరుగారు నడవమన్నారు. ఒక్కణ్ణే నడుస్తుంటే దారిలో అందరూ జాలిగా చూస్తున్నట్టు అనిపించేది. అందుకని గేర్ల సైకిలు కొన్నాను. సైకిలు మీద ఒక్కడే ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు కదా.

అది ఇరవయ్యారు అంగుళాల చక్రాల బండి. అప్పట్లో కొండలెక్కే సైకిలంటే ఆ సైజే. ఇంకో సైజు ఉంటుందని కూడా నాకు తెలియదు.

ఒక ఆదివారం కొండపల్లి కొండ మీద పల్లేరుకాయ గుచ్చుకుని నా వెనక చక్రంలో గాలి పోయింది. నా దగ్గర పంపు ఉంది, ట్యూబు లేదు. కాసేపటికి వెనక నుంచి ఒకాయన వచ్చి ఆగారు. ఆయన దగ్గర ట్యూబు ఉంది. పంపు కిందటి వారమే విరిగిందట. ఆయనదీ ఇరవయ్యారే. ఆయన ట్యూబు వేసి, నా పంపుతో గాలి కొట్టి, ఇద్దరం కలిసి కొండ దిగాం.

ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు స్టేషన్లో ఆపరేటరు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పేర్లు చెప్పుకున్నాం గానీ వాడింది లేదు. ఆయనకు నేను షావుకారుగారిని, నాకు ఆయన ఆపరేటరుగారు. తరవాతి వారం నేనూ ఒక ట్యూబు కొంటానంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఎందుకండీ దండగ? ట్యూబు నా సంచిలో ఉంటది, పంపు మీ సంచిలో ఉంటది. ఇద్దరి దగ్గరా అన్నీ ఉంటే ఇంక కలిసి రావడం దేనికండీ?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ మాట ఎక్కడో తగిలింది. నేను ఒకరికి అవసరమని అంత సూటిగా ఎవరూ చెప్పలేదు అంతకు ముందు.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆయన షిఫ్టు కుదిరిన ప్రతి ఆదివారం చీకటి విడుతుండగా బయల్దేరి, భవానీపురం, గొల్లపూడి మీదుగా ఇబ్రహీంపట్నం సెంటరుకు చేరేవాణ్ణి. టీ కొట్టు దగ్గర ఆయన నిలబడి ఉండేవారు. నాకు చక్కెర లేని టీ ముందే చెప్పి ఉంచేవారు. కొండ మీది ఖిల్లా వెనక మట్టిదారుల్లో తిరిగేవాళ్ళం. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్టు ఎలా ఉంటుందో ఆయనే చూపించారు. ఆ తరవాత కూడా మూడుసార్లు వేరే చెట్టును చూసి అదేనన్నాను. "మీరు బట్టలమ్ముకోండి షావుకారుగారూ, చెట్ల జోలికి రాకండి" అనేవారు. ఎక్కువ సేపు అసలు మాట్లాడుకునేవాళ్ళమే కాదు. ఆయన చక్రం కింద రాళ్ళు కరకరలాడుతుంటే వింటూ తొక్కేవాణ్ణి. నాకు అది చాలేది.

తరవాత నా సైకిలు ముందు చక్రానికి కుదుపులు ఆపే షాకు పాడై నూనె కారడం మొదలుపెట్టింది. కొత్తది వేయించుకుందామని బందరు రోడ్డు వైపున్న ఒక షోరూముకు వెళ్ళాను.

"ఇరవయ్యారుకి మంచి షాకులు రావట్లేదండి. కంపెనీలే ఆపేశాయి" అన్నాడు ఓనరు.

"ఎందుకాపేశారు?"

"ఎవరూ అడగట్లేదండి."

"నేనడుగుతున్నాగా!"

"మీరొక్కరే కదండీ. అందరూ ఇరవై తొమ్మిదే కొంటున్నారు."

గోడ పొడుగునా చూశాను. ఉన్నవన్నీ ఇరవై తొమ్మిదులే. ఒక మూల రెండు ఇరవై ఏడున్నరలు దుమ్ము పట్టి ఉన్నాయి. అవి కొత్తగా వచ్చినప్పుడు ఇదే మనిషి ఇదే కుర్చీలో కూర్చుని, ఇరవయ్యారు మరీ చిన్నది, ఇరవై తొమ్మిది మరీ పెద్దది, ఏడున్నరే సిసలైన సైజు అని చెప్పాడు. ఇప్పుడు వాటి సంగతి అడిగితే, ఎప్పుడో మాటలు మానేసిన చుట్టం ఊసెత్తినట్టు మొహం పెట్టాడు. ఈ గోడ ముందు నిలబడి అందరూ ఇరవై తొమ్మిది కాక ఇంకేం కొంటారు?

ఈ విద్య నాకు కొత్త కాదు. ముప్ఫయ్యేళ్ళుగా నేను చేస్తున్నదే. పల్లె నుంచి వచ్చిన కొట్టాయన పాతరకం సన్నంచు చీరలు అడిగితే, "అవి ఇప్పుడెవరూ కట్టట్లేదండీ" అంటాను. జనం కట్టడం మానేశారని మేం తెప్పించడం మానలేదు. మేం తెప్పించడం మానేశాకే జనం కట్టడం మానేశారు. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఒకడుంటాడంటారు, ఆ రోజు వాడు నాకు ఎదురుగా కూర్చున్నాడు.

అంతా తెలిసీ కొన్నాను. అయిదడుగుల నాలుగంగుళాల మనిషిని, ఆ బండెక్కితే గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా ఉన్నాను, ఆ ముచ్చట అలాగైనా తీరింది. ఎందుకు కొన్నానంటే ఒకటే కారణం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉండటం నాకు విసుగెత్తింది. "అందరూ" అని అతను అన్నప్పుడు ఆ అందరిలో నేనూ ఉండాలనిపించింది. ఒంటరివాణ్ణి పడగొట్టడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

ఆదివారం టీ కొట్టు దగ్గర ఆపరేటరుగారు కొత్త సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. టైరు మీద చెయ్యి వేసి చూశారు.

"బాగుందండీ. ఎత్తుగా ఉన్నారు" అన్నారు.

ఇద్దరి మనసులోనూ మెదిలింది ఒకటే. ఆయన ట్యూబు ఇంక నా చక్రానికి సరిపోదు. నాకో ట్యూబు నేను కొనుక్కోవాలి. కొనుక్కుంటే పొత్తు తెంచుకున్నట్టు అవుతుందని నాకు మొహమాటం. ఆయనకేం మొహమాటమో తెలియదు. అలాగే ఆయన తన ట్యూబుతో, నేను నా పంపుతో బయల్దేరాం. పెద్ద చక్రం రాళ్ళ మీద ఆగకుండా దొర్లిపోతుంది, అది మాత్రం షోరూమాయన నిజమే చెప్పాడు. కొండ ఎక్కేటప్పుడు ఆయన వెనకబడ్డారు. పైన ఆగి ఎదురుచూశాను. ఆరేళ్ళలో ఎవరి కోసం ఎవరూ అలా ఆగింది లేదు.

మూడో వారం కొండ అవతలి వైపు నా ముందు చక్రం పంక్చరైంది. నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం నిమ్మళంగా తన ట్యూబు తీశారు.

"పెద్దదాంట్లో చిన్న ట్యూబు లాగితే సాగుద్దండీ. చిన్నదాంట్లో పెద్దది వేస్తేనే మడతపడుద్ది" అని, సాగదీసి నా టైరులో ఇమిడ్చారు. గాలి కొట్టాం. నిలబడింది.

అరగంట తిరక్కుండా ఆయన చక్రంలో గాలి పోయింది. ఇద్దరికీ ఉన్న ఒక్క ట్యూబూ నా చక్రంలో ఉంది. అతుకు వేద్దామంటే సొల్యూషను ఎండిపోయింది. అది దసరా ముందు ఆదివారం. కొట్టుకు లారీ వస్తోంది, సరుకు దించుకోవాలి. ఆ సంగతి పొద్దున్నే ఆయనకు చెప్పాను.

"మీరు పదండి షావుకారుగారూ. లారీ వస్తదన్నారుగా. నేను నెమ్మదిగా నడిపించుకొస్తా" అన్నారు.

"సెంటర్లో ట్యూబు కొనుక్కుని వెనక్కొస్తానండీ. అరగంటలో మీ దగ్గరుంటా" అన్నాను.

ఆయన తలూపారు. నేను బయల్దేరాను.

ఇబ్రహీంపట్నం సెంటర్లో పంక్చర్ల కొట్టు ముందు ఇరవయ్యారు ట్యూబులు గుత్తులుగా వేలాడుతున్నాయి. షోరూములో కాలం చెల్లిందన్న సైజు అక్కడ తోరణాలు కట్టినట్టు ఉంది. నా సైజే ఆ కొట్టులో లేదు. కాలు కింద పెట్టబోతుండగా ఫోను మోగింది. లారీ వచ్చేసింది, హమాలీలు వెళ్ళిపోతామంటున్నారు. ట్యూబుల వంక చూశాను. కొట్టాయన నా వంక చూశాడు. ఆపరేటరుగారు ఎలాగూ నడుచుకుంటూ వచ్చేస్తారులే అనుకున్నాను. ఆ ముక్క నాకు నేను చెప్పుకున్నాను, ఇంకెవరూ చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని విజయవాడ వైపు తొక్కేశాను.

మధ్యాహ్నం ఫోను చేస్తే, "పర్లేదండీ, వచ్చేశాను. డ్యూటీకి వెళ్తున్నా" అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, క్షమాపణ చెప్పుకోవడానికి వీలుండేది.

పై ఆదివారం షిఫ్టు మారిందన్నారు. ఆ పై ఆదివారం చుట్టాలొచ్చారన్నారు. తరవాత నేనే అడగడం మానేశాను. అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటు లేదు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నాను.

రెండు నెలల తరవాత, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పంక్చర్ల కొట్టుకు వెళ్ళి ఇరవయ్యారు ట్యూబు ఒకటి కొన్నాను. కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు.

"థర్మల్ సారుతో వచ్చేవారు కదండీ మీరు? ఆ రోజు సారు ఎండలో నడిపించుకొచ్చారండి. నిలువునా తడిసిపోయారు. 'మీ షావుకారుగారు ఇందాకే వెళ్ళిపోయారే, ఇక్కడ ఆగి ట్యూబులు చూశారు కూడా' అన్నానండి."

"ఏమన్నారు?"

"పంక్చరేయించుకున్నారండి. కొత్త ట్యూబు తీసుకున్నారు. వెళ్ళబోతా మళ్ళీ వెనక్కొచ్చి, పంపుందా అనడిగి, ఒక పంపు కూడా కొనుక్కెళ్ళారండి."

ఆ ట్యూబు సంచిలో పెట్టుకుని ఒక్కణ్ణే కొండెక్కాను. సంచిలో నా పంపు ఉంది, ఇప్పుడు ట్యూబు కూడా ఉంది. ఆయన సంచిలోనూ రెండూ ఉన్నాయి.