పూడిక మట్టిలో వచ్చిన తాబేలు

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరి చెరువు ఎండిపోగానే ఊళ్లో ఎడ్లబండ్లన్నీ అటే కదిలేవి. అడుగున పేరుకున్న నల్లటి పూడిక మట్టిని తవ్వి, బండ్లకెత్తి, మిరప చేలల్లో కుప్పలు పోసేవాళ్లు. ఆ మట్టి పడితే చేను ఏపుగా వస్తుందని. పిల్లలమైన మాకు మాత్రం ఆ కుప్పలే ఆటస్థలం... జారడం, నత్తగుల్లలు ఏరుకోవడం.

నాతో చదివే సమ్మక్క వాళ్లది అడవి అంచున గూడెం. వాళ్ల అమ్మానాన్నలు మా చేలో మట్టి పనికి వస్తే తనూ వెంట వచ్చేది. ఆ రోజు ఇద్దరం కుప్ప మీద జారుతుంటే నా కాలికి ఏదో గట్టిగా తగిలింది. రాయేమో అనుకుని మట్టి దులిపితే... తాబేలు! తల, కాళ్లు అన్నీ లోపలికి ముడుచుకుని ఉంది.

"సచ్చిందా ఏంది?" అంది సమ్మక్క.

సెలవులకు ముందే మా సారు ఆ పాఠం చెప్పారు. ప్రాణమున్నది కదులుతుంది, తింటుంది, ఊపిరి పీలుస్తుంది, పెరుగుతుంది... అందరికంటే గట్టిగా అప్పజెప్పింది నేనే. ఇంకేం, పరీక్ష పెట్టేశాం. పుల్లతో తట్టాం... కదల్లేదు. గోంగూర ఆకు పెట్టాం... తినలేదు. ఇంటికి పరిగెత్తి, నాయనమ్మ వత్తులు చేసే పత్తిలోంచి ఓ పింజ తెచ్చి ముక్కు ఉండాల్సిన చోట పట్టుకున్నాం. ఊగింది! ఎగిరి గంతులేశాం. తీరా చూస్తే వంగి చూస్తున్న మా ముక్కులు కూడా అక్కడే ఉన్నాయి. ఎవరి ఊపిరికి ఊగిందో ఎవరికి తెలుసు? ఇక పెరుగుతుందో లేదో చూడాలంటే ఎన్నాళ్లు కూర్చోవాలో సారు చెప్పనే లేదు.

అదీగాక తాబేలు నీళ్లలో ఉంటుందన్నారు కదా... మరి ఇది ఎండిన మట్టిలో ఏం చేస్తున్నట్టు?

ఇంటికి పట్టుకెళ్లి నాయనమ్మకు చూపించాం.

"బతికుంటే మన బాయిల ఎయ్యుర్రి బిడ్డా. తాబేలుంటే నీళ్లు సాఫుంటయ్."

"సచ్చిందేమో నాయనమ్మా?"

"సచ్చినదాన్ని తాగే నీళ్లల్ల ఏస్తరా ఎవలన్న? అందరం దవాఖానల పడాల్నా?"

"మరి బతికుందో లేదో నువ్వే చెప్పు."

నాయనమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, చెవి దగ్గర కూడా పెట్టుకుంది. "ఏమో... నాకేమెరుక" అని నా చేతిలోనే పెట్టేసింది. అన్నం తింటున్న నాన్న తలెత్తకుండానే తేల్చేశాడు. "సచ్చిందే అది. అవతల పారెయ్యుర్రి."

నాకు ఏడుపొచ్చింది. బతికున్నదాన్ని పారేస్తే కుక్కలు పీక్కు తింటాయి. చచ్చినదాన్ని బావిలో వేస్తే మన ప్రాణం మీదికొస్తుంది. ఏదని తేల్చుకోను?

"మట్టిలకెల్లి వచ్చింది గదా... మల్ల మట్టిలనే పెడదాం పా" అంది సమ్మక్క.

"గట్ల పెట్టొచ్చా?"

"నాకేమెరుక! ఆకలైతంది, జల్దీ పా."

పాత తువ్వాలలో చుట్టుకుని చెరువుకు వెళ్లాం. తూము దగ్గర మట్టి ఇంకా కాస్త చెమ్మగా ఉంది. గుంట తవ్వి అందులో పెట్టి, గుర్తుగా తంగేడు కొమ్మ గుచ్చాం. మట్టి కప్పుతుంటే నాకు ఒకటే అయోమయం... దాన్ని దాని ఇంట్లో పెడుతున్నామా, పాతిపెడుతున్నామా? దండం పెట్టాలో వద్దో తెలియక, సగం ఎత్తిన చేతులు దించేశాను.

వానలు పడ్డాయి. చెరువు నిండింది, తంగేడు కొమ్మ మునిగింది. బడి తెరిచాక ఓ పొద్దున కట్ట మీద వెళ్తుంటే, తూము దగ్గర నీళ్ల మీద చిన్న తల ఒకటి పైకి లేచి మళ్లీ మునిగింది.

"గదే! మన తాబేలే!" అని అరిచింది సమ్మక్క.

"గదే అని ఎట్ల జెప్తవ్? చెరువుల గదొక్కటే ఉంటదా?"

బడి దాకా పోట్లాడుకుంటూనే వెళ్లాం. ఇప్పుడు తను భద్రాచలంలో నర్సు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ మాట వస్తుంది. తను "గదే" అంటుంది... నేను "ఏమో" అంటాను.

మొన్న ఎండాకాలం ఊరికి వెళ్తే చెరువులో ఎడ్లబండ్లు లేవు, గడ్డపారలు లేవు. జేసీబీ ఒక్కటే తవ్వి టిప్పర్లలో పోస్తోంది. మట్టి కుప్పల మీద పిల్లలూ లేరు. జేసీబీ మట్టి ఎత్తినప్పుడల్లా నేను ముందుకు వంగి చూస్తూ నిలబడ్డాను. డ్రైవరు కుర్రాడు మిషన్ ఆపాడు.

"ఏమన్న పోయిందా అక్కా?"

"పోయిందో లేదో తెల్వది తమ్మీ" అన్నాను. వాడు నన్ను వింతగా చూసి మళ్లీ తవ్వకంలో పడ్డాడు.

మీరూ చిన్నప్పుడు ఎక్కడో పెట్టి వచ్చినవి, తర్వాత ఏమయ్యాయో తెలియనివి ఉంటే ఇక్కడ రాయండి... సమ్మక్క నాకు చెప్పినట్టే, బతికే ఉన్నాయని మీకు నేను చెప్తాను.