రెండో సంతకం

పాత రికార్డుల గదిలో కిటికీ పక్క బల్ల మాస్టారిది. రిటైరైన మర్నాటి నుంచి, తొమ్మిదేళ్లుగా, ఎప్పుడో దేశాన్నేలిన, జనం మరిచిపోయిన ఒక ప్రధాని గారి ఫైళ్లు ఆయన అక్కడే చదువుతున్నారు. రాగానే పక్క కుర్చీలో సంచీ పెడతారు, ఎవరికో చోటు ఆపినట్టు. కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడిచి, ఫైలు అట్ట మీది చీటీలో తేదీ వేసి సంతకం చేస్తారు. ఆ చీటీల నిండా ఆయన సంతకాలే, చీమల బారులా. "ఆ పెద్దమనిషి ఏ పూట తుమ్మాడో మామయ్యగారికి తెలుసు, ఇంట్లో గ్యాస్ అయిపోయిందని తెలీదు" అని కోడలు దెప్పుతుంది. ఏమిటా సంగతులని మాత్రం అడగదు.

జ్వరంతో నెల్లాళ్లు మంచాన పడి లేచి వచ్చిన రోజు, చీటీలో తన సంతకం కింద మరొకటి కనబడింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. తనలాంటి మనిషి ఇంకొకరున్నారు! మూడు రోజులు శుభ్రంగా తల దువ్వుకుని వచ్చి, గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. నాలుగో రోజు ఉండబట్టలేక, ఫైళ్లు తెచ్చే అటెండరమ్మని అడిగారు.

"నేనే మాస్టారూ. నెల్లాళ్లు ఎవరూ తీయని ఫైళ్లు కింద గోదాములో పడేస్తారు. మీరొచ్చేసరికి ఉండాలని నేనే సంతకం పెట్టా."

మాస్టారి మొహం వాడిపోయింది. "ఓహో, అలాగా" అని పేజీ తిప్పారు.

ఆవిడ కదల్లేదు. "ఉత్తినే సంతకం పెట్టడమేంటని చదివా కూడా. పదవి పోయాక ఆయన అన్ని ఉత్తరాలు రాశాడు కదా, ఒక్కళ్లూ జవాబివ్వలేదేంటండీ?"

తొమ్మిదేళ్లలో ఆ ఫైళ్ల గురించి మాస్టారిని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. మాస్టారు పక్క కుర్చీలోంచి సంచీ తీసి నేల మీద పెట్టారు.