వంతు నీళ్ళు వద్దన్న ఉల్లిమడి

మొన్న కంకిపాడు రైతుబజారులో ఉల్లిపాయలు ఏరుతుంటే, చేతినిండా వచ్చిన ఒక పెద్ద పాయని అమ్మే కుర్రాడు నా చేతిలోంచి తీసి పక్కన పడేసి, పెద్దవి రుచుండవండీ, చిన్నవి తీసుకోండి అన్నాడు. కూరకి చిన్నపాయే రుచని నాకు తెలియక కాదు గానీ, ఎందుకో ఒళ్ళు మండిపోయింది. కోడలు మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కురాకపోతే అక్కడే తగవు పెట్టుకునేదాన్ని. ఒక పెద్ద ఉల్లిపాయ కోసం నేను ఎవరెవరికి ఎదురు తిరిగానో పాపం అతనికేం తెలుసు.

మా అత్తవారిది ఉయ్యూరు దగ్గర పల్లె. ఇంటి వెనక నుంచి కాలువగట్టు దాకా చెరుకు, ఆ చెరుకు అంచున, పెరటిగోడని ఆనుకుని పొడుగాటి నేలచెక్క ఒకటి మిగిలిపోయి ఉంటే, కాపురానికి వచ్చిన కొత్తలో కూరపాదులు పెట్టుకోమని అత్తగారు నాకు ఇచ్చారు. ఆ ఇంట్లో కూర్చునే పీటతో సహా అన్నీ వాళ్ళవే, ఇదొక్కటే నాది. ఆ రోజుల్లో బెజవాడలో ఏటా కూరగాయల ప్రదర్శన పెట్టేవారు, మీలోనూ కొందరు చూసే ఉంటారు, చేతులు చాచినా అందని గుమ్మడికాయలూ మనిషంత పొట్లకాయలూ బల్లల మీద పేర్చి, పండించినవాళ్ళ పేరూ ఊరూ కాగితం మీద రాసి పెట్టేవారు. మా వారితో వెళ్ళి చూసినప్పుడు ఉల్లిపాయల బల్ల మీద మన కృష్ణా వాళ్ళవి ఒక్కటీ లేవేమని అడిగాను. మీ నల్లరేగట్లో పాయ ఊరదమ్మా, వరి పండించుకోండి అని అక్కడి పెద్దమనిషి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మొదటి ఏడు ఆయన మాటే నిజమైంది. తడిస్తే బంక, ఎండితే రాయి అయ్యే ఆ మట్టి పాయ చుట్టూ బిగుసుకుపోయి నిమ్మకాయంత కూడా ఊరనివ్వలేదు. మరుసటి ఏడు ఊకబూడిదా చివికిన పశువుల ఎరువూ కలిపి, బోదెలు ఎత్తుగా తోలి నాటితే పాయలు నవనవలాడుతూ ఊరాయి, తీరా తవ్వే వేళకి కుళ్ళి కంపుకొట్టాయి. డెల్టాలో పుట్టినవాళ్ళం, వంతు వచ్చి కాలువ నీళ్ళు వదిలారంటే కళ్ళకద్దుకుని పెట్టుకోవడమే తప్ప వద్దన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, అంచేత వరికి పెట్టినట్టే ఉల్లికీ పెట్టాం. కాడలు వాలడం మొదలయ్యాక ఉల్లికి తడి తగలకూడదని ఆ కంపు పీల్చాకే తెలిసింది. సేద్యమంతా చూసే మా బావగారు, అంటే మా వారి అన్నగారు, ఈసారీ ఇలాగే అయితే ఆ చెక్కని చెరుకులో కలిపేస్తానని అత్తగారితో తేల్చి చెప్పేశారు.

అప్పట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడి మాట్లాడేది కాదు, ఏదున్నా అత్తగారి చేత చెప్పించాల్సిందే. మూడో ఏడు సరిగ్గా కాడలు వాలుతున్నప్పుడే వంతు వచ్చింది, బావగారు చెరుక్కి నీళ్ళు పెట్టి, పార పట్టుకుని అలవాటు కొద్దీ నా చెక్క గట్టుకీ గండి కొట్టి మడవ తెరిచారు. అత్తగారిని పిలిచే వ్యవధి లేదు. కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగున వెళ్ళి ఆ గండిలో అడ్డంగా నిలబడ్డాను.

“వద్దండీ బావగారూ, నా మడికి నీళ్ళొద్దు.”

ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

“వచ్చిన నీళ్ళు వద్దంటావేంటమ్మాయ్, మతిగానీ పోయిందా?”

“పోతే పోయిందండీ, ముందు మడవ కట్టెయ్యండి.”

చేలో కూలీలంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన విసురుగా నాలుగు పారలు మట్టి వేసి వెళ్ళిపోయారు. ఆ తరవాత చాలా రోజులు ఇంట్లో నన్ను పలకరించినవాళ్ళు లేరు, నేను బతిమాలుకోనూ లేదు.

ప్రదర్శననాడు అన్నింటిలోకీ పెద్ద పాయని వేళ్ళతో సహా తవ్వి, తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. మా వారికి జ్వరంగా ఉంటే అత్తగారు బావగారినే తోడు పంపారు, దారి పొడుగునా ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. అక్కడ అందరూ పాయల్ని పైపొర వొలిచి నిగనిగలాడేట్టు తుడిచి పెట్టారు, నాది మట్టి వేళ్ళతోనే పెట్టాను. కడగనిదే పోటీకి తీసుకోం అన్నారు. కడగనన్నాను, కడిగితే బజార్లో కొన్నదంటారని మొహం మీదే చెప్పాను. అప్పట్లో నవ్విన ఆ పెద్దమనిషే, కడక్కపోయినా కొన్నదేలెండి, మీవైపు ఇంత పాయ ఊరుతుందా అన్నారు. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి బావగారి గొంతు ఖంగున మోగింది.

“కొన్నదేంటండీ? నేను పార పట్టుకుని నీళ్ళు పెడుతుంటే అడ్డం నిలబడి పండించింది మా అమ్మాయి. మా ఊరు రండి, నేలలో ఇంకా ఉన్నాయి, మీ చేత్తోనే పీక్కోండి.”

బహుమతి ఇవ్వలేదు. నేనూ కడగలేదు. కానీ పాయని తీసెయ్యలేదు, ఆ బల్ల మీద మా ఊరి పేరు రాసిన కాగితం సాయంత్రం దాకా ఉంది, చెరుకులో కలపడమన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. ఆ తరవాత ఏటా కాడలు వాలగానే, మడవ కట్టమంటావా అమ్మాయ్ అని బావగారు నన్నే అడిగేవారు.

బావగారు పోయారు, చెరుకూ పోయింది. చుట్టూ చేలన్నీ చేపల చెరువులు తవ్వేశారు. ఎండాకాలంలో కూడా నా చెక్క ఆరదు, అడుగు నుంచి ఊట. ఎలాగూ పనికిరాదు గదా, చెరువులో కలిపేద్దాం పిన్నీ అని బావగారబ్బాయి మర్యాదగానే అడుగుతాడు, నేను ఇవ్వనంటాను. వెనక నీళ్ళు ఒక దారిన వచ్చేవి, పార పట్టుకుని ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, దెబ్బలాడితే కోపం తెచ్చుకునేవాడు, ఆనక నా పక్షాన నిలబడి అరిచేవాడు. ఈ ఊటతో ఎవరు దెబ్బలాడగలరు? ఈ ఏడూ నారు నాటాను, అప్పుడే సగం పండుబారింది. కుళ్ళితే కుళ్ళనీ, నా మట్టిలోనే కుళ్ళుతాయి.