తూగుబొమ్మ కింద భోజనం

మొన్న చిత్తూరులో ఒక బట్టల కొట్టులోకి అడుగు పెట్టగానే తలపైన వేలాడుతున్న ఇత్తడి రేకులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అందరూ ముచ్చటగా పైకి చూశారు. నేను మాత్రం గోడవారకు జరిగాను. ఆ చప్పుడు వింటే మునిరత్నం మేస్త్రీ గుర్తొస్తాడు. ఆయన వెంటే భయమూ వస్తుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో తిరుపతిలో ఆయన దగ్గర పనికి చేరేనాటికి నాకు పెళ్ళయి ఒక బిడ్డ. ఆయన తూగుబొమ్మలు చేసేవాడు. ఇత్తడి కడ్డీకి ఒక కొసన పెద్ద హంస, ఇంకో కొసన గలగలమనే తామరమొగ్గల గుత్తి. అంత బరువూ ఒక్క కొక్కేనికి వేలాడుతూ, ఊపిరి తగిలినా మెల్లగా తిరిగేది. చూసేవాళ్ళకు గాలిలో తేలుతున్నట్లే ఉండేది. మోసినవాళ్ళం గనక మాకు దాని బరువు తెలుసు. అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బొమ్మ కట్టిన రోజు, కట్టినవాళ్ళు దాని కిందే ఆకు వేసుకుని అన్నం తినాలి.

"మనం కూసోని తినలేని సోట ఊరోళ్ళను కూసోబెట్టొచ్చునా పాపా?" అనేవాడు. నాకు ముద్ద దిగేది కాదు. ఆయన మాత్రం పప్పు మారు వేయించుకునేవాడు, మహానుభావుడు.

ఒకసారి పుత్తూరులో ఒక కల్యాణమండపానికి పెద్ద బొమ్మ కట్టాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి కడ్డీ ఒరిగిపోయి ఉంది. హంస కాళ్ళకు బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

"అంతమంది నోరు తెరుసుకోని సూస్తాండారప్పా, దిష్టి తగలదా?" అన్నాడు మండపం యజమాని, ఘనకార్యం చేసినట్లు.

కడ్డీని కొక్కేనికి తగిలించే ఉంగరం దాని అంచుకు జారింది. సరిగ్గా బొమ్మ కింద పెళ్ళికూతుర్ని నలుగుకు కూర్చోబెట్టారు. నేను కేక వేయబోతే మేస్త్రీ కళ్ళతోనే వారించాడు. కేక వింటే ఆ పిల్ల బెదిరి అక్కడే బిగుసుకుపోతుంది.

"అమ్మణ్ణీ, రవంత ఇట్లా రా తల్లీ, ఈడ ఆకులేసుకోవల్ల" అని నవ్వుతూ పిలిచాడు. ఆమె లేచి ఇవతలికి వచ్చేదాకా నా ప్రాణం నాలో లేదు.

కాయను ఒక్కసారిగా కోస్తే మొగ్గల వైపు దభాలున కిందికొచ్చి ఉంగరం ఊడుతుంది. ఆయన కత్తి పట్టుకుని హంస కింద నిలబడ్డాడు. మొగ్గల కొస పట్టుకోవడానికి నేను నిచ్చెనెక్కాను.

"బయమైతాండాదా పాపా?"

"అవును మేస్త్రీ."

"నాకూ అవుతాండాది. గెట్టిగా పట్టుకో."

కాయ తెగింది. బరువంతా నా అరచేతుల్లోకి వచ్చింది. పట్టు వదలకుండా మెల్లగా కడ్డీని సమానానికి తెచ్చాను. ఆయన ఉంగరం సరిచేసి, దాని కిందే ఆకులు వేయించాడు. ఆ రోజు ఆయన చేతిలోని ముద్ద కూడా నోటిదాకా పోకుండా ఆకులో రాలిపోయింది.

కొన్నేళ్ళకు ఏర్పేడు దగ్గర ఒక ఇంట్లో బొమ్మ కట్టి, కిందికి దిగి, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఈ పొద్దు బయం కాలేదు పాపా" అన్నాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆ బొమ్మను మొత్తం నా చేత విప్పించి మళ్ళీ కట్టించాడు. ఆ తర్వాత ఆయన నిచ్చెన ఎక్కలేదు.

నేను ఇంకా ఎక్కుతున్నాను. ఎక్కిన ప్రతిసారీ మోకాళ్ళు వణుకుతాయి. ఈ వయసులో అంత భయపడుతూ ఎందుకమ్మా అని నా కొడుకు కోప్పడతాడు. వణుకు ఆగిన రోజు దిగిపోతానని చెప్పాను.