రోగి సంగతి నాకు చెప్పకండి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. ధవళేశ్వరంలో మా చర్చివాళ్లు ఆడవాళ్ల కోసం సాయంత్రం బడి పెట్టాక, జుట్టు నెరిసిన వయసులో అక్షరాలు దిద్దుకున్నాను. అంతకు ముందు నోటితో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్లు నవ్వేవారు. నవ్వాక మిగతాది ఎవరూ సరిగ్గా వినరు. కాగితం మీదైతే చివరిదాకా చెప్పుకోవచ్చు.

నేను అప్పుడు రాజమండ్రిలో ఒక అమ్మగారిని కనిపెట్టుకుని ఉండేదాన్ని. స్నానం, మందులు, భోజనం, సాయంత్రం వరండాలో నడిపించడం అన్నీ నావే. ఒకరోజు అన్నం తింటూ ఉండగా ఆమె చేతిలోంచి ముద్ద జారిపోయింది. మూతి ఒక పక్కకు తిరిగింది. ఆసుపత్రిలో చూసి, తలలో రక్తం చేరింది, ఆపరేషన్ హైదరాబాదులో చేయించాలి, ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది అన్నారు. రోడ్డు మీద కుదుపులకు ఆమె తట్టుకోలేరన్నారు. అమ్మగారి కొడుకు, బాబుగారు, రోగులను తీసుకెళ్లే చిన్న జెట్ విమానం మాట్లాడారు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక విమానం వచ్చింది. అంబులెన్సులో అమ్మగారితో బాబుగారు, నేను, అమ్మగారి అక్కగారు ఎక్కాం. ఆవిడను అందరం పెద్దమ్మగారు అనేవాళ్లం. విమానం దగ్గరకి వెళ్లేసరికి పసుపు జాకెట్ వేసుకున్న మనిషి చెయ్యెత్తి ఆపాడు. విమానం మీద తిరుగుతున్న ఎర్ర దీపం ఆరేదాకా ఎవరూ దిగకూడదన్నాడు. ఆ కాస్త సేపు కూడా బాబుగారు సీటులో నిలవలేకపోయారు. నేను అమ్మగారి ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నొక్కితే ఆమె తిరిగి నొక్కుతోంది. అదొక్కటే నాకు ధైర్యం.

విమానంతో వచ్చిన డాక్టరుగారు అమ్మగారిని లోపలికి ఎక్కించుకున్నారు. ఖాళీ ట్రాలీ ఇంకా విమానం పక్కనే ఉంది. నేను, బాబుగారు మెట్ల వైపు నడవబోతుంటే పెద్దమ్మగారు ఆపారు.

"ఆగండర్రా. ఇంత దూరం గాల్లో పోయే మనిషి. దిష్టి తియ్యకుండా పంపిస్తానా? అటు తిరగండి. చూడకూడదు."

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అయినా తిరగమంటే తిరిగాను. బాబుగారూ తిరిగారు. ఆవిడ చీర కుచ్చిళ్లలో దాచి తెచ్చింది తీసి, విమానం వైపు మూడుసార్లు తిప్పి, తనూ వెనక్కి తిరిగి భుజం మీదుగా విసిరేశారు. విసిరిన చెయ్యి మాత్రం అవతలి పక్క విమానం చుట్టూ తిరిగి చూసుకుంటున్న పైలట్‌గారి కంటపడింది. ఆయన పరుగున వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. కాకినాడ వైపు మాట.

"ఏం విసిరారండీ?"

పెద్దమ్మగారు నోరు విప్పలేదు. దిష్టి తీసినవాళ్లు కాళ్లు కడుక్కునేదాకా మాట్లాడకూడదట.

"పెద్దమ్మా, చెప్పవే!" అని బాబుగారు అరిస్తే, నువ్వు చెప్పు అన్నట్టు ఆవిడ నా వైపు చూశారు. బయల్దేరేటప్పుడు ఆవిడ దాన్ని కుచ్చిళ్లలో దోపుకోవడం నేను చూశాను.

"నిమ్మకాయండి," అన్నాను. "మిరపకాయలతో. బజార్లో అమ్ముతారు కదండీ, అది."

పసుపు జాకెట్ మనిషి నవ్వాడు. పైలట్‌గారు నవ్వలేదు.

"దారానికి గుచ్చిందా, తీగకా?"

"తీగకేనండి. ఇనప తీగ."

నవ్విన మనిషి నవ్వు ఆపేశాడు.

ఎటు పడిందో ఎవరం చూడలేదు. చూడకూడదు కాబట్టే చూడలేదు. అందరం వరసగా నిలబడి నడుం వంచి నేలంతా వెతికాం. రెండు మిరపకాయలు ఇంజను కిందే దొరికాయి. తీగా, నిమ్మకాయా దొరకలేదు. అంబులెన్సు లోపల చూశారు, కింద చూశారు. పైలట్‌గారు స్టూలెక్కి ఇంజను నోట్లోకి లైటు వేసి చూశారు. ఇంజను లోపలి రెక్కలను చేత్తో మెల్లగా తిప్పి చెవి పెట్టి విన్నారు. ఎండ పలచబడుతోంది. లోపల అమ్మగారి దగ్గర ఏదో యంత్రం కూత పెడుతోంది. ఆ కూత ఆగితే ఒక భయం, ఆగకపోతే ఒక భయం.

"కనబడలేదుగా, ఇక పదండి," అన్నారు బాబుగారు.

"కనబడలేదంటే కనబడలేదనేనండి. లేదని కాదు. స్టార్ట్ చేస్తే ముందున్నదంతా లోపలికి లాగేస్తుందిది. తీగ ముక్క ఏ మూలో ఉంటే..."

"మా అమ్మ లోపల ఎలా ఉందో తెలుసా అసలు మీకు? డాక్టరుగారు ఏమన్నారంటే..."

"రోగి సంగతి నాకు చెప్పకండి సార్." ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "డాక్టరుగారు కూడా మాకు చెప్పరు. అదే పద్ధతి. అది విన్నాక ఇంజను వైపు చూస్తే, ఉన్నది కూడా లేనట్టే కనబడుతుందండి."

"మనిషేనా మీరు?"

ఆయన వెనక్కి తిరిగారు. రెండో పైలట్ చిన్న వయసు అమ్మాయి. ఆమెను పక్కకు పిలిచి, "నువ్వేమంటావ్?" అన్నారు.

"వద్దు సార్."

"ఇద్దరిలో ఒకరు వద్దన్నా వెళ్లమండి. ఇక్కడ ఇద్దరమూ వద్దంటున్నాం," అన్నారు బాబుగారితో. లోపలి భాగాలు చూసే ఇంజనీరు పొద్దున్నే వస్తాడన్నారు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. అది చూశాను గానీ, నాకు జాలి కలగలేదు. అమ్మగారిని మళ్లీ దించుతుంటే ఆ మనిషిని కొట్టాలనిపించింది.

ఆసుపత్రి వాకిట్లో ట్రాలీ మడత విప్పుతుంటే కింద కమ్ముల్లో ఏదో గీసుకుని నా వేలు తెగింది. ఇనప తీగ. దానికి చితికిన నిమ్మకాయ. విమానం జోలికే పోలేదది.

"చూశారా! నా నిమ్మకాయ ఆ విమానాన్ని ఏం చేసిందర్రా?" అన్నారు పెద్దమ్మగారు. అని, అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చారు.

బాబుగారు పైలట్‌కి ఫోన్ చేశారు. "మా బండిలోనే ఉందండి. ఊరికే ఆపేశారు మా అమ్మని." ఫోను బయటికి వినబడుతోంది. "దొరికిందాండీ?" అన్నారాయన. వాళ్ల డ్యూటీ గంటలు అప్పటికే అయిపోయాయట. విమానాశ్రయం కూడా మూసేశారట. తెల్లారగానే బయల్దేరదామన్నారు.

తెల్లవారుజామున అమ్మగారి చెయ్యి నొక్కాను. తిరిగి నొక్కలేదు. పిలిస్తే కళ్లు నా వైపు రాలేదు.

అమ్మగారు ఆ ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లు బతికారు. మాట మాత్రం రాలేదు. ఆ ఒక్క రాత్రి వల్లేనా అని బాబుగారు హైదరాబాదులో అడగని డాక్టరు లేడు. ఎవరూ ఔననలేదు, కాదనలేదు. ఇంజనులో ఏమీ లేదు కాబట్టి పైలట్ తప్పు చేశాడని బాబుగారు ఇప్పటికీ అంటారు. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఆ పొద్దున అంబులెన్సులో దారి పొడుగునా ఆయన్ని అనాల్సిన మాటలు కూడబెట్టుకున్నాను. నిన్న నా చెయ్యి పట్టుకున్న మనిషి ఈ రోజు పట్టుకోవడం లేదు, నీ మూలంగానే, అని అందామనుకున్నాను. దిగేసరికి ఆయన ఒక్కరే విమానం చుట్టూ తిరుగుతున్నారు. తీగ దొరికిందని తెలిసీ, ఎండ వచ్చినా, మళ్లీ లైటు వేసి ఇంజను నోట్లోకి చూస్తున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి ఆగారు. నేనేదో చెప్పబోతున్నానని తెలిసినట్టే నిలబడ్డారు.

ఇంకాసేపట్లో అమ్మగారిని గాల్లోకి తీసుకెళ్లేది ఆయనే. ఆ మాట విని ఎక్కితే దాన్ని కూడా మోసుకుంటూ నడపాలి.

చెంగుతో మొహం తుడుచుకున్నాను. "టిఫిన్ చేశారాండీ?" అని అడిగాను.

"చేశానమ్మా," అన్నారు.

నేను తల వంచుకుని, మెట్లెక్కి, అమ్మగారి కాళ్ల దగ్గర కూర్చున్నాను.